ఘనులూ, ద్రవులూ, గాలి మనుషులూ

మన భాషలో ఒక తమాషా ఉంది. గట్టిగా ఉండే వస్తువుని ఘనపదార్థం అంటాం. గొప్పవాణ్ణి ఘనుడంటాం. పెళ్ళి బాగా జరిగితే ఘనంగా జరిగిందంటాం. "మీ ఘనకార్యం చాల్లెండి" అని ఇల్లాలు అన్నప్పుడు మాత్రం అర్థం వేరనుకోండి, అదలా ఉంచుదాం. మొత్తానికి గట్టిదనానికీ గొప్పదనానికీ ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నాం. పారేదాన్ని ద్రవం అంటాం. ఎవరి కష్టమో చూసి మనసు కరిగితే హృదయం ద్రవించిందంటాం. ఆవిరిని బాష్పం అంటాం, కంట్లో నీటిని కూడా బాష్పమనే అంటాం. ఇక గాలి దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళకి ఎందుకో చిన్నచూపు. గాలి కబుర్లు, గాలి తిరుగుళ్ళు, గాలి మనిషి!

అంటే ఏమిటన్నమాట? సైన్సు పుస్తకంలో పదార్థానికి మూడు స్థితులని చదువుకున్నాం గదా, ఆ మూడింటికీ మనం ఎప్పుడో మార్కులు వేసేశాం. ఘనానికి నూటికి నూరు. ద్రవానికి జాలిపడి పాసు మార్కులు. వాయువుకి సున్నా. "ఆయన రాయిలాంటి మనిషండీ, మాటంటే మాటే" అంటే మెచ్చుకోలు. "వాడిదేముంది, ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం" అంటే దెప్పుడు. ఈ మార్కులు న్యాయంగా పడ్డాయా అని నాకు చాలాకాలంగా అనుమానం. సైన్సు మేష్టార్లు ఏమీ అనుకోకపోతే, వాళ్ళ సామాను కాసేపు అరువు తెచ్చుకుని ఆ అనుమానం సంగతి తేల్చుకోవాలని ఉంది.

ముందుగా ఒక మాట. ఐసుముక్కలోనూ, చెంబులో నీళ్ళలోనూ, ఇడ్లీపాత్ర మూత సందులోంచి వచ్చే ఆవిరిలోనూ ఉన్న అణువు ఒక్కటే. రెండు హైడ్రోజను పరమాణువులు, ఒక ఆక్సిజను పరమాణువు, అంతే. ఐసులో ఉన్నది ప్రత్యేకించి గట్టి అణువేం కాదు. ఆవిర్లో ఉన్నది తేలిక బుద్ధుల అణువూ కాదు. 18 గ్రాముల నీళ్ళంటే మూడు నాలుగు టీ చెంచాలు. అందులో ఉన్న అణువుల్ని లెక్కపెట్టాలంటే 6 వేసి పక్కన 23 సున్నాలు పెట్టాలి. అన్నింట్లోనూ ఒక్కటంటే ఒక్కటి కూడా ఘనం కాదు, ద్రవం కాదు, వాయువు కాదు. ఒంటరి అణువుకి ఆ గుణాలే లేవు. పదీ పదిహేనూ కాదు, కోటానుకోట్లు ఒకచోట చేరి, ఒకదానితో ఒకటి ఎలా మసులుకుంటున్నాయన్న దాన్నిబట్టి మనం పెట్టిన పేర్లవి.

పెళ్ళిలో పంక్తి భోజనం చూడండి. వరసగా విస్తళ్ళు, వరసగా మనుషులు. ఎవరి చోటు వారిదే. అయినా కదలకుండా ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఒకాయన అప్పడం విరుస్తుంటాడు, ఒకాయన పప్పు కోసం చెయ్యెత్తుతాడు, ఒకాయన పక్క విస్తట్లో ఎన్ని బూరెలున్నాయో వంగి చూస్తాడు. చోటు వదలరు, ఊరికే ఉండరు. ఘనపదార్థంలో కణాలు సరిగ్గా ఇంతే.

పంక్తి లేచింది. ఇప్పుడు పందిరి నిండా జనం. భుజాలు రాసుకుంటూనే ఉన్నాయి గానీ ఎవరూ ఒకచోట లేరు. ఒకరిని తప్పించుకుని మరొకరి పక్కన చేరి, అక్కణ్ణించి ఇంకొకరి దగ్గరికి. ఇది ద్రవం. సాయంత్రానికి అందరూ సంచులు పట్టుకుని బయల్దేరి ఎవరి బస్సు వారు ఎక్కేశారు. ఇది వాయువు. నీళ్ళు మరిగి ఆవిరైతే ఆ అణువులు ఆక్రమించే చోటు దాదాపు 1,600 రెట్లవుతుంది. అప్పగింతలయ్యాక పెళ్ళివారిల్లు ఎందుకంత బోసిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇందులో గమనించాల్సిందొకటుంది. ఘనానికీ ద్రవానికీ మధ్య, కణాల దూరంలో పెద్ద తేడా లేదు. నీటి విషయంలో మరీ విచిత్రం, ఐసుగా ఉన్నప్పుడే అణువులు ఇంకాస్త ఎడంగా ఉంటాయి. అందుకే ఐసు నీళ్ళమీద తేలుతుంది. కాబట్టి వరస తప్పకుండా నిలబడ్డవాళ్ళంతా ఒకరికొకరు బాగా దగ్గరగా ఉన్నట్టు అనుకోవడానికి వీల్లేదు. కొన్ని ఇళ్ళకి వెళితే ఈ సంగతి గుమ్మంలోనే తెలుస్తుంది. తండ్రి కుర్చీ తండ్రిదే, కొడుకు మంచం కొడుకుదే. మాటలు మాత్రం ఉండవు.

పోనీ ఘనుడు నిశ్చలుడా అంటే అదీ లేదు. మీరు ఆనుకున్న గోడలో ప్రతి కణమూ తన చోట్లో సెకనుకి లక్షల కోట్ల సార్లు వణుకుతోంది. చల్లబరుస్తూ చల్లబరుస్తూ సున్నాకి దిగువన 273 డిగ్రీల దాకా తీసుకుపోయినా ఆ వణుకు పూర్తిగా పోదు. కనక "నేను చలించను" అనే పెద్దమనిషి ఎవరైనా కనబడితే ఆయన మాటని కొంచెం సవరించి వినాలి. చలిస్తూనే ఉన్నాడు, చోటు వదల్లేదు, అంతే.

ఇక మనం సున్నా మార్కులు వేసిన గాలి సంగతి. మామూలు గది వేడిలో గాలి అణువు సెకనుకి దాదాపు అర కిలోమీటరు వేగంతో పోతుంది. తుపాకి గుండు వేగానికి అటూ ఇటూ. ఈ లెక్క విన్న హాలండు వాతావరణ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1858లో ఒక చక్కటి ప్రశ్న వేశాడు. అణువులకి అంత వేగం ఉంటే, గదిలో ఒక మూల వాసన పుడితే రెండో మూలకి చేరడానికి అంతసేపు పడుతుందేమయ్యా అని. నిజమే మరి. గాలి కదలని గదిలో దేవుడి దగ్గర అగరొత్తి వెలిగిస్తే పడక్కుర్చీలో ఉన్న తాతగారికి వాసన తగలడానికి కొంతసేపు పడుతుంది. ఆ ఏడే జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లౌసియస్ జవాబు చెప్పాడు. అణువు వేగంగానే పోతుంది, కానీ తిన్నగా పోనిచ్చేదెవరు? అడుగడుగునా మరో అణువు ఎదురొచ్చి ఢీకొంటుంది, దారి మారుతుంది. మళ్ళీ ఢీ, మళ్ళీ మలుపు. ఇవాళ మనకి తెలిసిన లెక్క ప్రకారం గాలిలో ఒక్కొక్క అణువుకి సెకనుకి కొన్ని వందల కోట్ల ఢీలు. అంత పరుగూ పరిగెత్తి, చివరికి బయల్దేరిన చోటికి దరిదాపుల్లోనే తేలుతుంది.

ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగే కుర్రవాణ్ణి "గాలికి తిరుగుతున్నాడు" అంటామే, ఆ మాట ఎంత నిజమో మనకే తెలీదు. పొద్దుట బయల్దేరినవాడు సాయంత్రానికి ఉన్నచోటే ఉంటే, వాడు కదల్లేదని అర్థం కాదు. ఎన్ని గుమ్మాలకి తగిలి వెనక్కొచ్చాడో లెక్కపెట్టినవాళ్ళు లేరని అర్థం.

"అయితే ఏమంటారు? మనిషి గొప్పదనమూ లేదు, తప్పూ లేదు, అంతా పరిస్థితులే నంటారా? అలాగైతే దొంగని జైల్లో పెట్టడం దేనికి?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడాను. నేను అంత దూరం పోవడం లేదు. ఒక మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడన్నది ఒక ప్రశ్న. ఏ దిక్కుగా పోతున్నాడన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలియగానే రెండోదానికి కూడా తెలిసిపోయిందనుకుంటాం. గొడవంతా అక్కడే వస్తోంది. దీనికి స్కాట్లండు దాకా వెళ్ళి ఒక ఆచార్యుడి సాక్ష్యం తెస్తాను.

జోసెఫ్ బ్లాక్ అని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యమూ రసాయనశాస్త్రమూ చెప్పేవాడు. 1760ల మొదటి రోజుల సంగతి. మంచు కరిగే దశకి వచ్చాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, గబుక్కున నీరైపోతుందని అప్పటి పండితుల నమ్మకం. బ్లాక్ నమ్మలేదు. ఒకే తీరు గాజుబుడ్లు రెండు తీసుకున్నాడు. ఒకదాన్లో ఐసు, ఒకదాన్లో ఐసంత చల్లటి నీళ్ళు. రెండింటినీ ఒకే పెద్ద గదిలో వేలాడదీశాడు. గదిలో వెచ్చదనం రెండింటికీ సమానంగానే తగులుతోంది. చల్లటి నీళ్ళు అరగంటలో 7 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడెక్కాయి. ఐసు కరిగి, నీరై, ఆ నీరు అంత వేడికి రావడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? పదిన్నర గంటలు! ఆ పదిన్నరలో మహా అయితే గంటసేపటి వేడి పైకి కనిపించి ఉంటుంది. తక్కినదంతా లోపలికి పోతూనే ఉంది, థర్మామీటరు మాత్రం కదల్లేదు. ముక్క కరిగేవరకూ సున్నా అంటే సున్నాయే.

మరి ఆ వేడంతా ఏమైంది? అణువుల వేగం పెంచడానికి కాకుండా, ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు సడలించడానికి ఖర్చయింది. బయటికి కనబడదు కనక దానికి దాగిన వేడి అని పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో గుప్తోష్ణం అంటారు. గుప్తదానం లాంటిదన్నమాట, ఇచ్చినట్టు శిలాఫలకం ఉండదు. ఒక గ్రాము ఐసు ఊరికే నీరు కావడానికి 80 కేలరీలు కావాలి. అంతే వేడి ఆ గ్రాము నీటికి ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా సలసలలాడుతుంది. ఐసుకిస్తే సున్నా డిగ్రీల నీరవుతుంది, ఒక్క డిగ్రీ పెరగదు. ఇంత చేస్తే ఫలితం సున్నాయేనా అనిపిస్తుంది.

బ్లాక్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ ఆలస్యమే లేకపోతే చలికాలం పోగానే కొండలమీద మంచంతా ఒక్కసారిగా నీరై ఊళ్ళని ముంచేసేదని. హిమాలయాల్లో మంచు రోజుకింత రోజుకింత కరిగి గంగకీ యమునకీ నీళ్ళిస్తోందంటే ఈ 80 కేలరీల చలవే. కాబట్టి ఆలస్యం అన్నింటా దోషం కాదు.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. "వాడేం మారలేదండీ" అని రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. అలా అన్నప్పుడల్లా మనం చేసేదేమిటంటే దూరంనించి థర్మామీటరు చదవడం.

మేం పాతికేళ్ళ కిందట ఉన్న వీధిలో ఒక గుమాస్తాగారుండేవారు. సౌమ్యుడు, పొద్దుటిపూట. చీకటిపడితే తాగుడు. ఒక ఏడాది నించి మానాలని ఆయనకి బుద్ధి పుట్టిందట. వీధిలో మాకేం తెలుసు? మాకు కనబడేది రాత్రి తొమ్మిదింటికి గోడ పట్టుకుని నడిచివచ్చే మనిషే. "ఏం మారతాడండీ!" అనుకునేవాళ్ళం అందరం. ఆయన భార్య మాత్రం ఒకనాడు మా ఇంటావిడతో అంది: "ఇదివరకు గుమ్మంలోనే పడిపోయేవారు వదినగారూ. ఇప్పుడు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని పడుకుంటున్నారు." ఆ తర్వాత కొన్నాళ్ళకి జీతం దుకాణం కంటే ముందు ఇంటికి చేరడం మొదలెట్టింది. ఇంకొన్నాళ్ళకి తొమ్మిది కాస్తా ఎనిమిదైంది. రెండేళ్ళు గడిచాయి. మా థర్మామీటరు సున్నా దగ్గరే ఉంది. మూడో ఏట ఆయన పూర్తిగా మానేశాడు. వీధి ఏమందో చెప్పనా? "ఒక్కరోజులో మానేశాడటండీ, ఏ దేవుడు కరుణించాడో!" అంది.

ఒక్కరోజు! ఆ ఒక్కరోజు వెనక రెండేళ్ళ వేడి ఉంది. ఎంత ఆయన సొంతమో, ఎంత ఆవిడదో వాళ్ళకే తెలియాలి.

అయితే ఇక్కడ ఆగిపోతే నేను పెద్ద అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ గుప్తోష్ణం కథ చెప్పి "కాబట్టి ఓపిక పట్టమ్మా, లోపల కరుగుతూ ఉంటాడు" అని ఆడపిల్లని మళ్ళీ అదే ఇంటికి పంపే పెద్దమనుషులు తయారవుతారు. అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఇంకో కాపురం ఉండేది. అక్కడా మొగుడు తాగేవాడు. పైగా కొట్టేవాడు. ఆవిడ పదేళ్ళు చూసి, పిల్లలిద్దరినీ తీసుకుని అన్నగారి ఊరు వెళ్ళిపోయింది, మిషను కుట్టుకుని బతికింది. వీధివాళ్ళు "తొందరపడింది" అన్నారు. నేను తొందరపడిందనను.

ఎందుకంటే, వేడి ఏమాత్రం తగలకుండా మూసిపెట్టిన ఐసు దగ్గరా థర్మామీటరు సున్నాయే చూపిస్తుంది. కరుగుతున్న ఐసు దగ్గరా సున్నాయే. ఈ రెండింటికీ తేడా పరికరానికి తెలియదు. గిన్నెలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. అడుగున నీళ్ళున్నాయా, లేవా? మొదటి ఇంట్లో ఉన్నాయి. విప్పిన చెప్పులే ఆ నీళ్ళు. రెండో ఇంట్లో పదేళ్ళకి ఒక్క చుక్క లేదు. ఇంకోటి, ఆ పొయ్యిలో కాలుతున్న కట్టెలు ఎవరివి? ఊరికే రావు గదా. గ్రాము ఐసుకి 80 కేలరీలని పుస్తకంలో అచ్చువేశారు. ఫలానా మనిషికి ఇంత అని ఎక్కడా అచ్చువెయ్యలేదు. కాబట్టి "ఇంక నా దగ్గర కట్టెల్లేవు" అనే హక్కు పొయ్యి వెలిగించినవాళ్ళకుంది. ఆ మాట పక్కింటివాళ్ళు అనకూడదు, అననివ్వకుండా అడ్డమూ పడకూడదు.

ఇంకొక సందేహం మిగిలింది. కనబడకుండా పోయిన ఆ వేడి వృథాయేనా? కాదని ఇడ్లీలు చెబుతాయి. 100 డిగ్రీల ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీలు దిగమింగుతుంది. ఆ ఆవిరి చల్లటి పిండికి తగిలి మళ్ళీ నీరైనప్పుడు ఆ 540నీ అణా పైసలతో సహా కక్కేస్తుంది. ఇడ్లీ ఉడికేది దానివల్లే. మరిగే నీళ్ళ చుక్క పడ్డదానికంటే ఆవిరి తగిలితే ఎక్కువ బొబ్బలెక్కడానికి కారణమూ అదే. కొంచెం ఆవిరి అంతేసి నీళ్ళని ఎలా మరిగిస్తోందా అని జేమ్స్ వాట్ అంతటివాడు ఆశ్చర్యపోయి బ్లాకు దగ్గరికి వెళ్ళాడు. చివరికి నీరు గడ్డకట్టేటప్పుడు కూడా, ఆ 80 కేలరీలూ చుట్టుపక్కలకి పంచిపెట్టే గడ్డకడుతుంది. చలిదేశాల్లో పూర్వం నేలమాళిగలో కూరగాయలు పాడవకుండా పక్కన తొట్లలో నీళ్ళు పెట్టేవారు. ఆ నీళ్ళు గడ్డకడుతూ వదిలిన వేడి కూరగాయల్ని కాపాడేది.

ఆ గుమాస్తాగారు మానేశాక ఒక పని పెట్టుకున్నాడు. పక్క వీధిలో ఒక కుర్రవాడు కొత్తగా తాగుడు మరిగాడు. ఈయన రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి ఆ దుకాణం బయట నిలబడేవాడు. తిట్టేవాడు కాదు, నీతులు చెప్పేవాడు కాదు. వాడు బయటికొచ్చాక చెయ్యిపట్టుకుని ఇంటిదాకా నడిపించి వచ్చేవాడు. ఆ కుర్రవాడి తల్లి ఈయన్ని దేవుడిలా చూసేది. నాకు మాత్రం అక్కడ నిలబడ్డది ఆయన భార్యలాగే కనిపించేది. ఆవిడ తగలేసిన కట్టెల వేడి పక్క వీధి పొయ్యికి చేరింది. ఆవిడకి తిరిగొచ్చిందా అంటే, వచ్చి ఉంటుందని సులువుగా అనేయడానికి నాకు నోరు రాదు. ప్రకృతి లెక్కలో ఒక్క కేలరీ పోదు, నిజమే. కానీ ఇచ్చినవాళ్ళకే తిరిగివ్వాలన్న షరతు ఆ లెక్కలో లేదు. మనుషుల లెక్కలో ఆ షరతు ఉంటే బాగుంటుంది. అది మనం రాసుకోవాల్సిందే.

కనక నేను మార్కులు వెయ్యడం మానుకున్నాను. ఘనుడంటే కదలనివాడు కాదని తెలిసింది. గాలి మనిషి పరిగెత్తనివాడు కాదనీ తెలిసింది. మధ్యలో, సున్నా దగ్గర నిలబడి కరిగేవాళ్ళే తీర్పు చెప్పడానికి కష్టమైనవాళ్ళు. ఎందుకంటే ఐసూ నీళ్ళూ కలిసి ఉన్న గిన్నెని ఒక్కసారి చూస్తే అది కరుగుతోందో గడ్డకడుతోందో చెప్పలేం. రెంటికీ అదే సున్నా. నిన్న నీళ్ళెంత ఉన్నాయో, ఇవాళ ఎంత ఉన్నాయో చూసినవాళ్ళే చెప్పాలి.

పిల్లనిచ్చే వాళ్ళో, అద్దెకి ఇల్లిచ్చే వాళ్ళో వచ్చి "ఆయన ఎలాంటివాడండీ, ఏమైనా మారాడా?" అని వీధి మొగలో మనల్ని అడుగుతారు. ఠకీమని చెప్పేయాలనే ఉంటుంది. జేబులో థర్మామీటరు సిద్ధంగానే ఉంటుంది మరి. దాన్ని అక్కడే ఉండనిచ్చి, "ఆ ఇంట్లోవాళ్ళని అడగండి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వాళ్ళకి తెలుస్తుంది" అంటే సరిపోతుంది.